పలకని పలక

తర్లుపాడు దారిలో పలకల గని పక్కన పోసిన రాతి తుక్కు మీద ఏజెంట్ అంకన్న వెల్లకిలా పడి ఉన్నాడు. ఉదయం ఆరున్నర. ఒక బుల్లెట్ తొడలో, ఇంకొకటి పొట్టలో. హంతకుల అడుగులు తుక్కు ఎక్కి వస్తున్నాయి. అతని చేతికి అందినవి రెండే: తుప్పు పట్టిన మేకు, అరచేయంత పలక ముక్క.

గబగబా గీకాడు. ముక్కను చొక్కా లోపలికి తోశాడు.

మూడో బుల్లెట్ నుదుటిని చీల్చింది.

*

"విశ్వాసం, అంకన్న పోయాడు."

ఫోన్‌లో చీఫ్ రాజరత్నం గొంతు. మార్కాపురంలో టూరిస్ట్ బస్సు పక్కన నిలబడిన ఏజెంట్ విశ్వాసం ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు. అతనికి తుపాకీ పట్టుకోవడం నేర్పింది అంకన్నే.

"మెసేజ్ ఏమైనా?"

"పలక ముక్క మీద గీకాడు. 'పలక పలకదు. 11-40.' అంతే."

"అంటే?"

"డీకోడింగ్ వాళ్లు పలక అంటే ఫోన్, 'ఫోన్ పలకదు' అంటున్నారు. పదకొండు నలభైకి నల్లమల ఘాట్‌లో సిగ్నల్ పోయిన చోట దాడి. అక్కడ మన టీమ్ ఉంటుంది. నువ్వు బస్సెక్కు."

కేసు సంగతి విశ్వాసానికి తెలుసు. దిమ్మరి క్లబ్. 'లోకం తిరుగు, లాప్‌టాప్‌తో సంపాదించు' అంటూ విదేశీ ముఠా నడిపే వెబ్‌సైట్. సబ్‌టైటిల్స్, హోటల్ రివ్యూలు, వాయిస్ ఓవర్, అన్నీ నిజమైన పనులే, నిజమైన డాలర్లే. కానీ మధ్యమధ్యలో ఒక చిన్న గిగ్: ఈ వంతెన షూట్ చెయ్, ఆ పోర్టు మీద డ్రోన్ ఎగరెయ్. గూఢచర్యం చేస్తున్నామని ఆ పిల్లలకు తెలియదు. రేపు వాళ్లంతా బ్యూరోకి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇవాళ క్లబ్ వాళ్లందరినీ ఫ్రీ టూర్ పేరుతో ఒకే బస్సులో ఎక్కించింది. ఇరవై రెండు మంది సాక్షులు.

"లోపల మన ఇన్ఫార్మర్ ఉంది," అన్నాడు చీఫ్. "కోడ్ గుర్తుందిగా?"

విశ్వాసం బస్సు అద్దంలో తన వేషం చూసుకున్నాడు. చెవికి పోగు, నెత్తిన రంగేసిన జుట్టు, మోకాళ్ల దాకా నిక్కరు, చేతిలో సెల్ఫీ స్టిక్. అర్ధవీడులో మేకలు కాచిన తండ్రి చూస్తే అదే స్టిక్కుతో కొట్టేవాడు.

*

ముందు సీట్లో వందన. ఎనిమిది లక్షల ఫాలోయర్లున్న ట్రావెల్ వ్లాగర్. నల్లకళ్లద్దాలు, ఎర్రటి స్కార్ఫ్.

"వైఫై ఉందా?" అడిగాడు విశ్వాసం.

"మజ్జిగ ఉంది," అంది వందన. తర్వాత గొంతు తగ్గించి, "ఏమైంది?"

అంకన్న మెసేజ్ చెప్పాడు. ఆమె తల ఊపింది. "ఫోన్ గురించే అయ్యుంటుంది. ఘాట్ దిగాక టీ స్టాప్‌లో మాట్లాడదాం."

ఎక్కిన ప్రతి ఒక్కరికీ క్లబ్ తరఫున మెమెంటో ఇచ్చారు. చెక్క ఫ్రేములో మార్కాపురం పలక, దాని మీద బంగారు రంగులో పేరు. వందన తనది చూడకుండానే బ్యాగులో పడేసుకుంది.

విశ్వాసం వందన వెనక సీట్లో కూర్చున్నాడు. అతని పక్క సీటు అమ్మాయి పేరు ఫెబీ. బస్సు కంభం దాటేలోపే తన కథంతా చెప్పింది.

"హనోయ్‌లో కూసోని తెలుగులో కుక్కర్ల యాడ్‌కు గొంతిచ్చినా అన్నా. మా అమ్మ నమ్మలే. 'యాడనో కూసోని ఈల ఏస్తే నీకు దుడ్లు ఎవుడిస్తాడే' అనింది. మరి నువ్వేం చేస్తావు?"

"వెబ్‌సైట్లు. లిస్బన్ నుంచి."

"లిస్బన్‌లో గూడ ఇట్లనే నిక్కర్లేసుకుంటారా?"

గిద్దలూరు దాటింది. ఘాట్ ఎక్కడం అయి దిగుడు మొదలైంది. 11:33. దాడి సూచన లేదు. సెల్ఫీ స్టిక్ బిగించి పట్టుకుని విశ్వాసం తనలో తాను గొణుక్కున్నాడు. "పలక పలకదు..."

"ఏ పలకన్నా?" అంది ఫెబీ.

"ఏంది?"

"మా అమ్మ కరుణమ్మ పన్నెండేండ్లు ఫ్యాక్టరీలో పలకలు తట్టింది. వేలి కణుపుతో కొడితే ఠంగుమనాల. డబ్బుమంటే లోపల పగులో, అతుకో ఉన్నట్టు. 'ఇది పలకదు' అని పక్కన పారేస్తాది."

విశ్వాసం ఒళ్లో ఉన్న మెమెంటో వైపు చూశాడు. రెండు పల్చటి పలకలు. మధ్యలో పేలుడు షీటు. అంకన్న పుట్టింది పలకల ఫ్యాక్టరీ గోడ పక్కనే.

తల ఎత్తాడు. వందన చేతిలో పిస్టల్.

"తెలివైన పిల్ల," అంది వందన. "పాపం."

ఆమె కాల్చింది. విశ్వాసం పక్కకు దూకాడు. చెవి పోగుతో పాటు చెవి తమ్మె ఎగిరిపోయింది. సెల్ఫీ స్టిక్ బటన్ నొక్కాడు. కొస నుంచి ఆరంగుళాల కత్తి దూసుకొచ్చి ఆమె మణికట్టులోంచి సీటు కొయ్యలోకి దిగింది. ఆ నొప్పికి పిస్టల్ వరసగా పేలింది. డ్రైవర్ మెడ చీలి అద్దమంతా నెత్తురు చిమ్మింది. ఇంకో బుల్లెట్ అతని కాళ్ల దగ్గర బ్రేకుల గాలి పైపును చీల్చింది.

విశ్వాసం శవాన్ని పక్కకు లాగి స్టీరింగ్ పట్టాడు. బ్రేకు తొక్కితే బుస్సుమంది. బస్సు ఆగలేదు. కుడిపక్క లోయ. 11:35.

"ఫెబీ! పలకలు తట్టు! పలకనిది దొరికితే లోయలోకి ఇసురు!"

"అందరూ ఎత్తి పట్టండి!" అరిచింది ఫెబీ. ఏడుపుల మధ్య పలకలు పైకి లేచాయి. ఆమె కణుపు ఒక్కో దాని మీద పడింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

మలుపు. బస్సు రాతి గోడను రాసుకుంది. కిటికీలు పగిలి ఒకడి ముఖం చీరుకుపోయింది. ఫెబీ పడింది, లేచింది, కణుపు చిట్లినా ఆపలేదు. ఠంగ్. ఠంగ్. 11:38.

"అన్నా, అన్నీ పలుకుతున్నాయి!"

సీటుకు గుచ్చుకుపోయిన వందన పళ్లు బిగబట్టి నవ్వింది. "బాంబు కింద లగేజీలో ఉంది. పన్నెండుకి. వాళ్లు నాకు చెప్పారు."

"నీకూ ఒక పలక ఇచ్చినారు గదక్కా?" అంది ఫెబీ.

వందన నవ్వు ఆగింది.

ఫెబీ ఆమె బ్యాగులోంచి పలక లాగింది. బంగారు రంగులో 'వందన'. కణుపుతో తట్టింది.

డబ్.

"పారెయ్యవే!" వందన గావుకేక పెట్టింది. "పారెయ్!"

పగిలిన కిటికీలోంచి పలక తిరుగుతూ లోయలోకి పోయింది. చెట్ల కొసలు అందుకునేలోపే పేలింది. మంట బస్సు ఎత్తున లేచింది. 11:40.

విశ్వాసం బస్సును కొండ వైపు తిప్పి రాతికి ఆనించాడు. రెండు వందల గజాలు రేకులు చించుకుంటూ పోయి బస్సు ఆగింది. ఇరవై రెండు మందీ దిగారు. సాక్షులు ఇరవై రెండు కాదు, ఇరవై మూడు. ఘాట్‌లో కాపు కాసిన టీమ్ వచ్చి అంబులెన్స్ ఎక్కించేలోపే ముఠాలో ప్రతి పేరూ వందన చెప్పేసింది.

సాయంత్రం గిద్దలూరు ఆసుపత్రిలో చెవికి కట్టుతో విశ్వాసం, వేళ్లకు కట్టుతో ఫెబీ. చీఫ్ స్వయంగా వచ్చాడు.

"అమ్మాయ్, మా డీకోడింగ్ విభాగంలో చేరతావా? ఏ దేశంలో ఉన్నా పర్లేదు. పని ఆన్‌లైన్లోనే పంపిస్తాం."

ఫెబీ కట్టు కట్టిన కణుపు చూసుకుంది.

"అమ్మనడిగి చెప్తా గానీ, వస్తే నేనే మీ ఆఫీసుకు రావాల సార్. ఆన్‌లైన్లో పలక పలకదు."