డీలర్ ముందు రెండో ముక్క

శవం ఉదయం ఏడుంబావుకు కనిపించింది.

కప్చగాయ్ సరస్సు ఒడ్డున ఉన్న కేసినో హోటల్. రెండో అంతస్తు, ప్రాక్టీసు గది. ‘ఇరవై ఒకటి’ ఆడే టేబుల్ ముందు, ఆటగాడి కుర్చీలో తల్గత్ ఉన్నాడు. తల పచ్చగుడ్డ మీద వాలిపోయింది. తల వెనుక గాయం. కుర్చీ పక్కన ఎర్రటి ఫైర్ సిలిండర్ పడి ఉంది.

తల్గత్ ఆ కేసినోకి పిట్ బాస్. టేబుళ్లన్నిటి మీదా ఆయనదే అజమాయిషీ. ఇక్కడ ముక్కలు పంచే డీలర్లందరికీ పని నేర్పింది కూడా ఆయనే.

పోలీసు మేజర్ రౌషన్‌కి ఆ హోటల్లో పనేమీ లేదు. ముందురోజు సాయంత్రం తల్దికొర్గాన్ నుంచి అల్మాటీ వెళ్తుంటే మంచు తుఫాను పట్టుకుంది. రోడ్డు మూసేసి, బళ్లన్నిటినీ ఇటు మళ్లించారు. జనం సోఫాల మీదా, మెట్ల మీదా పడుకున్నారు. తెల్లారేసరికి ముఖద్వారం నడుం ఎత్తు మంచులో కూరుకుపోయింది. లోపలికి వచ్చేవాళ్లు లేరు. బయటికి పోయే దారి లేదు.

అంటే చంపినవాడు కూడా ఇక్కడే ఉన్నాడు.

“కేసు అయిపోయింది మేడం,” అన్నాడు సాబిత్. హోటల్ సెక్యూరిటీ చీఫ్. ఒకప్పుడు పోలీసే. “మీరు వెళ్లి టీ తాగండి.”

“ఎవరు చేశారు?”

“జిబెక్ అని డీలర్. రాత్రి ఈయన దగ్గర ప్రాక్టీసుకి వచ్చింది. ఆమెకి ఇరవై ఒకటి పడింది. ఈయన దొంగాట అన్నాడు. మాటా మాటా పెరిగింది. కొట్టింది.”

“నువ్వు చూశావా?”

“చూడక్కర్లేదు. టేబుల్ చూడండి.”

రౌషన్ చూసింది. తల్గత్ ముందు రెండు ముక్కలు. ఇస్పేటు పది, కళావరు ఆరు. ఎదురుగా, డీలర్ నిలబడే వైపు, ఆఠీను ఆసు తెరిచి ఉంది. దాని కిందికి జొనిపి ఇంకో ముక్క, బోర్లా.

“ఈ గదిలో కెమెరా?”

“లేదు. హాల్లోనే.”

“ఈ ముక్కల్ని ఎవరైనా ముట్టుకున్నారా?”

“నేను రాగానే తలుపు దగ్గర మనిషిని పెట్టాను మేడం. పాత బుద్ధి పోదు కదా. డైరెక్టర్ గారు కూడా గుమ్మం దాకా వచ్చి, రక్తం చూడలేనని వెనక్కి పోయారు.”

“అమ్మాయి ఎక్కడ?”

“దుప్పట్ల గదిలో పెట్టి తాళం వేశాను. మధ్యాహ్నానికి రోడ్డు తెరుస్తారట. అల్మాటీ పోలీసు టీమ్ వచ్చి తీసుకుపోతుంది. ఆలోపు ఒప్పేసుకుంటుంది.”

రౌషన్‌కి తెలుసు. ముఖద్వారం తెరుచుకుందంటే ఈ జనం తలోదిక్కూ పోతారు. ఒప్పుకున్న మనిషి చేతికి దొరికితే టీమ్ ఇంకొకరి కోసం వెతకదు.

ఆమె ఫోన్‌తో ఫోటోలు తీసింది. వంటింటి గ్లవ్స్ తెప్పించి వేసుకుంది. బోర్లా ఉన్న ముక్కని తిప్పకుండా అలాగే కవర్లోకి జార్చి అంటించింది. గదికి తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.

దుప్పట్ల గదికి కిటికీ లేదు. హీటర్ లేదు. రౌషన్ లోపలికి రాగానే జిబెక్ లేచి చప్పట్లు కొట్టి, రెండు అరచేతులూ చూపించి, తిప్పి మళ్లీ చూపించింది.

“ఏమిటది?”

“అలవాటు మేడం. టేబుల్ వదిలితే కెమెరాకి చేతులు చూపించాలి, ఏమీ తీయలేదని. జేబులు కూడా కుట్టేస్తారు.” ఆమె ప్యాంటు పక్క తడిమి చూపించింది. కుట్టు గట్టిగా ఉంది.

“రాత్రి ఎన్నింటికి వెళ్లావు ప్రాక్టీసుకి?”

“తొమ్మిదికి. పదింటికి ఆయనే పొమ్మన్నాడు. ఎవరితోనో మాట్లాడాలట.”

“ఎవరితో?”

“చెప్పలేదు. నేను టేబుల్ సర్ది, ముక్కలు పెట్టెలో పెట్టి వచ్చేశాను.”

“తర్వాత?”

“లాండ్రీలో పడుకున్నాను. ఒక్కదాన్నే.”

“నిన్నెవరైనా చూశారా?”

“జనమంతా సోఫాల కోసం కొట్టుకుంటున్నారు. నన్నెవరు చూస్తారు?” ఆమె గొంతు తగ్గింది. “ఒప్పుకుంటే తక్కువ శిక్షతో పోతుందంటున్నాడు సాబిత్ అన్న. ఒప్పుకోమంటారా?”

“చంపావా?”

“తొమ్మిదేళ్లు ఆయన పక్కనే నిలబడి పనిచేశాను మేడం. మా నాన్న పోతే మట్టి వేయడానికి వచ్చాడు.”

“చంపావా అని అడిగాను.”

“లేదు.”

“అయితే నోరు మూసుకుని కూర్చో.”

రౌషన్ తన కోటు విప్పి ఆమెకి ఇచ్చింది. బయట తాళం మళ్లీ పడింది.

డైరెక్టర్ వలేరి పాక్ తన గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అద్దం అవతల తెలుపు తప్ప ఏమీ కనిపించడం లేదు. గోడ పక్కన సర్దిన సూట్‌కేసు ఒకటి ఉంది. ఆయన ఈ హోటల్‌కి వచ్చి మూడు నెలలు.

“పేకముక్కల గురించి మాత్రం నన్నడక్కండి,” అన్నాడు. “ముక్క ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు నాకు. నావి దుప్పట్లు, వంట, బిల్లులు.”

“ఇంతకుముందు ఎక్కడ?”

“ఓడల మీద. అమెరికా టూరిస్టు ఓడలు. పదకొండేళ్లు స్టోర్స్ చూశాను.”

“రాత్రి ఎక్కడున్నారు?”

“ఈ గదిలోనే. ఈ జనానికి తిండి ఎలా పెట్టాలా అని లెక్కలేసుకుంటున్నాను.”

“ఓడ దిగి వచ్చి ఇక్కడ ఇరుక్కున్నారన్నమాట.”

“ఓడే నయం మేడం,” అన్నాడు పాక్. “ఎప్పటికో ఒకప్పటికి రేవు వస్తుంది.”

కింద లాబీలో జుమాబాయ్ నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టె నములుతూ కూర్చున్నాడు. గొర్రెల వ్యాపారి. వారానికి రెండుసార్లు ఈ కేసినోకి వస్తాడని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది.

“నాకు ఇరవై ఒకటి నేర్పుతారా అన్నా?” అంది రౌషన్.

“పోలీసోళ్లు కేసినోలో అడుగు పెట్టకూడదు కదక్కా.”

“అడుగు ఎప్పుడో పెట్టాను. బయటికి తీసే దారే లేదు.”

జుమాబాయ్ నవ్వాడు. చేతులు తుడుచుకుని, టీ టేబుల్ మీద పంచదార పొట్లాలు పేర్చాడు.

“ఇవి ముక్కలనుకో. నాకు రెండు, డీలర్‌కి ఒకటి. ఇరవై ఒకటికి దగ్గరగా పోవాలి. దాటితే పోయినట్టే. బొమ్మ పది. ఆసు పదకొండు, ఎక్కువైతే ఒకటి. ఇంకో ముక్క కావాలంటే గుడ్డ మీద వేలితో తట్టాలి, చాలంటే చెయ్యి ఆడించాలి. నా ఆట అయ్యాకే డీలర్ తనది తీసుకుంటుంది. పదహారుకి ఆగకూడదు, పదిహేడుకి ఆగాలి. ఆమెకి అదే చట్టం. నాకే చట్టం లేదు. అందుకే నేను ఓడిపోతాను.”

రౌషన్ డీలర్ వైపు పొట్లం మీద వేలు పెట్టింది.

“డీలర్‌కి ఒకటేనా?”

“ఒకటే.”

“బోర్లా పెట్టుకునే రెండోది?”

“బోర్లానా? ఈ ఊళ్లో అలా ఎక్కడాడారక్కా? మా మేనల్లుడి ఫోన్లో చూశాను అలా. అది అమెరికా ఆట.”

రౌషన్ ఫోన్ తీసి ఫోటో పెద్దది చేసి మళ్లీ చూసింది. తర్వాత లేచింది.

“నాతో రండి. ఒక ఆట ఆడాలి మీరు.”

“డబ్బు ఎవరిది?”

“ఉత్తిదే.”

“ఉత్త ఆటలో అయినా గెలుస్తానేమో చూద్దాం,” అంటూ లేచాడు జుమాబాయ్.

పదకొండున్నరకు హాల్లో ఒకే టేబుల్ మీద లైటు వెలిగించారు. మిగతా టేబుళ్లు గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. హాలుకి కిటికీలు లేవు. గోడ గడియారం లేదు. తుఫాను తగ్గిందో పెరిగిందో అక్కడినుంచి తెలియదు.

సాబిత్ జిబెక్‌ని తీసుకొచ్చాడు. పాక్ వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

“పంచు,” అంది రౌషన్.

జిబెక్ కోటు చేతులు మడుచుకుంది. ముక్కలు కలిపింది. జుమాబాయ్‌కి ఒకటి, తనకి ఒకటి, జుమాబాయ్‌కి ఇంకొకటి వేసింది. ఆగింది.

“నీ రెండోది?”

“ఆయన ఆట అయ్యాక మేడం.”

“ముందే తీసి బోర్లా పెట్టుకోవచ్చుగా?”

“అలా తీస్తే తల్గత్ అన్న వేళ్ల మీద కొట్టేవాడు.”

రౌషన్ ఫోన్ సాబిత్ చేతిలో పెట్టింది.

“చూడు. తల్గత్ ఆట మధ్యలో ఉంది. డీలర్ ముందు రెండు ముక్కలున్నాయి. ఒకటి బోర్లా. ఈ హాల్లో పని నేర్చుకున్న ఏ చెయ్యీ అది పెట్టదు. వేరే ఎక్కడో నేర్చిన చెయ్యి పెట్టింది. ఆట ఆగిపోయినట్టు కనిపించాలని పేర్చాడు. కానీ తనకి వచ్చిన ఆటే పేర్చాడు.”

“ఫోన్లో ఆడేవాళ్లు బోలెడుమంది,” అన్నాడు పాక్.

“నిజమే. అందుకే ఇంకొకటి అడుగుతాను. సాబిత్, జిబెక్‌కి ఇరవై ఒకటి పడిందని పొద్దున చెప్పావు. ఎలా తెలుసు?”

సాబిత్ పాక్ వైపు చూశాడు.

“డైరెక్టర్ గారు చెప్పారు. ‘ఆమెకి ఇరవై ఒకటి పడింది, గొడవైంది’ అని. నేను నిజమే అనుకున్నాను.”

“పైకి కనిపించేది ఆసు ఒక్కటే. పదకొండు. మిగిలిన పది బోర్లా ఉన్న ముక్కలో ఉండాలి. దాన్ని పొద్దున్నుంచి ఎవరూ తిప్పలేదు. నేను కూడా తిప్పలేదు.”

ఆమె గ్లవ్స్ వేసుకుని కవర్ చించింది. ముక్కని లైటు కింద తిప్పింది.

డైమను రాజు.

“పది,” అన్నాడు జుమాబాయ్ మెల్లగా. “ఇరవై ఒకటి.”

“గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పోయారు మీరు,” అంది రౌషన్ పాక్ వైపు చూసి. “బోర్లా ముక్క మీకెలా కనిపించింది? దీని మీద వేలిముద్రలు తీయిస్తాను. ముక్క ఎలా పట్టుకోవాలో తెలియని మనిషివి దొరికితే, ఏం చెబుతారు?”

 పాక్ స్తంభం వదిలి వచ్చి పక్క టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి గుడ్డ మీద పెట్టి, వెంటనే తీసేశాడు.

“ఓడలో స్టోర్స్ కాదు కదా మీరు చూసింది?”

“డీలర్‌ని,” అన్నాడు. “స్నేహితుడికి మంచి ముక్కలు పంచేవాణ్ణి. పట్టుకుని రేవులో దించేశారు. ఇక్కడి ఓనర్‌కి అది తెలియదు.”

“తల్గత్‌కి తెలిసింది.”

“ఓడలో పనిచేసిన వాడెవడో ఫోన్ చేసి చెప్పాడు. తల్గత్ గొడవ చేయలేదు. అరవలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, తెల్లారేలోగా వెళ్లిపో, లేకపోతే ఓనర్‌కి చెప్తాను అన్నాడు.” పాక్ ముఖం తుడుచుకున్నాడు. “అన్నా, రోడ్డు మూసేశారు, ఎక్కడికి పోను అన్నాను. అది నాకు తెలియదు, తెల్లారేలోగా అన్నాడు. రెండు రోజులు ఆగమన్నాను. తల అడ్డంగా ఊపి కిటికీ వైపు తిరిగాడు. సిలిండర్ గోడకే ఉంది.”

పాక్ తల ఎత్తి రౌషన్ వైపు చూశాడు.

“రోడ్డు తెరిచి ఉంటే వెళ్లిపోయేవాణ్ణి మేడం. నిజంగా. నా గదిలో సూట్‌కేసు సర్ది ఉంది, చూసుకోండి.”

“చూశాను,” అంది రౌషన్. “దాని పక్కనే ఈ అమ్మాయిని కూడా సర్దేశారు.”

సాబిత్ బెల్టు నుంచి బేడీలు తీశాడు. అవి జిబెక్ కోసం తెచ్చినవి. పాక్ చేతులకి వేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

పన్నెండు దాటాక బయట బుల్డోజర్ చప్పుడు వినిపించింది. లాబీలో జనం సంచులు పట్టుకుని తలుపు వైపు తోసుకుంటూ పోయారు. పారలతో మంచు తవ్వుతుంటే తలుపు జానెడు జానెడుగా తెరుచుకుంది.

జిబెక్ తలుపు దగ్గర ఆగింది. పైన కెమెరా ఉంది. స్టాఫ్ ఎవరు బయటికి పోయినా దాని కిందే చేతులు చూపించాలి.

“నేను చూడట్లేదులే, పో చెల్లీ,” అన్నాడు సాబిత్.

“మీ కోటు మేడం,” అంది ఆమె రౌషన్‌తో.

“ఇంటికి పోయాక పంపించు.”

జిబెక్ చేతులు పైకి ఎత్తబోయింది. మధ్యలో ఆపింది. కోటుకి రెండు వైపులా జేబులున్నాయి. కుట్టని జేబులు. రెండు చేతులూ వాటిలో పెట్టుకుని, కెమెరా కింద నుంచి మంచులోకి నడిచింది.