ఏడు అన్నారు, మూడు రాశాను

మా తోడికోడలి చిగుళ్ళ లోతు డాక్టరుగారు ఏడు అన్నారు. నేను మూడు రాశాను. పొరపాటున రాయలేదు.

పళ్ళ క్లినిక్‌లో పద్నాలుగేళ్ళుగా నా పని అదే. చిగుళ్ళు జారిపోతున్నవాళ్ళు వస్తే డాక్టరుగారు గీతలున్న సన్నటి కడ్డీని పన్నుకీ చిగురుకీ మధ్య దించి, ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి దిగిందో పైకి చెబుతారు. ఒక్కో పన్నుకి ఆరు చోట్ల. నేను పక్కన కూర్చుని రాస్తాను. మూడుదాకా ఫరవాలేదు. ఐదు దాటితే లోపలిదాకా శుభ్రం చెయ్యాలి. ఏడంటే కోసి కుట్టాల్సిందే. రోజుకి ఇరవై నోళ్ళు చూసే మనిషికి ఏ అంకె ఎవరిదో గుర్తుండదు. ఆయన జ్ఞాపకం నా కాగితమే.

తోడికోడల్ని అక్కా అనే పిలుస్తాను. అక్క క్లినిక్‌కి రావడానికి వారం ముందు, ఇంటినిండా చుట్టాలుండగా, నేనిచ్చిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండా పక్కన పెట్టింది. "పదిమంది నోళ్ళలో పెట్టే చేతులు కదా చెల్లీ. ఏమీ అనుకోకు" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా.

అనుకున్నాను.

"డాక్టరుగారు ఏడు, ఏడు అంటున్నట్టు వినబడిందే?" అని అడిగింది క్లినిక్‌కి వచ్చిన రోజు మెట్లు దిగుతూ.

"అది పన్ను నంబరు అక్కా. నీకేం, రాయిలాంటి పళ్ళు."

డాక్టరుగారు అప్పటికే నా కాగితం చూసి, మెత్తటి బ్రష్షు వాడమని చెప్పి పంపేశారు. ఏడాది తిరక్కుండానే చీము దవడలోంచి మెడలోకి దిగింది. ఆస్పత్రిలో నాలుగు రోజులుంది. చివరిరోజు దవడ బిగుసుకుపోయి మాట రాలేదు. మంచం పక్కన నన్ను చూసి రెండు చేతులూ ఎత్తింది. ఒక చేతివి ఐదు వేళ్ళు. రెండో చేతివి రెండు.

"ఏమంటోందమ్మా?" అన్నారు బావగారు.

తెలీదన్నాను.

ఆమె పోయిన మూడు నెలలకి నా బ్రష్షు మీద రక్తం కనిపించింది. చల్లటి నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమనేవి. అద్దంలో చూసుకుంటే చిగుళ్ళు పైపైకి పోయి, పళ్ళు వేళ్ళంత పొడుగ్గా ఉన్నాయి. ఇలాంటివి నానబెట్టకూడదని నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఆ సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళగానే నేనే కుర్చీ ఎక్కాను. నా చోట నర్సమ్మ కూర్చుంది. ప్రభుత్వాస్పత్రిలో రిటైరై వచ్చిన పెద్దావిడ.

లవంగనూనె వాసన. ఉమ్ము లాగే గొట్టం గురగుర. లైటు నేరుగా కళ్ళలో పడుతుంటే దాని వెనకంతా చీకటి.

కడ్డీ దిగింది.

"ఏడు" అన్నారు డాక్టరుగారు.

"మూడు" అంది ఎవరో, నా తల వెనక నుంచి. మెల్లిగా.

పెన్ను గీసిన చప్పుడు.

"ఏడు... ఏడు... ఆరు."

"మూడు... మూడు... మూడు."

లవంగనూనె వాసన పోయింది. ఆస్పత్రి గది వాసన వచ్చింది... చీము వాసన. నోట్లో అద్దం, కడ్డీ, గొట్టం. అరుద్దామంటే నాలుక కదలదు. చెవి మీద చల్లటి ఊపిరి తగిలింది.

"రాసుకోనీ చెల్లీ... రాయిలాంటి పళ్ళు."

దిగ్గున లేచి నర్సమ్మ చేతిలో కాగితం లాక్కున్నాను. వరసంతా మూడ్లే.

"ఆయన చెప్పిందే రాశానమ్మా" అంది నర్సమ్మ. "నా మోకాళ్ళు పాడయ్యాయి గానీ చెవులు కాదు."

డాక్టరుగారు కాగితం చూశారు. "ఊరికే కంగారు పడుతున్నావు. నిక్షేపంలా ఉన్నాయి" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఇంకో రెండు క్లినిక్‌లు తిరిగాను. ఒకచోట అంకెలు కంప్యూటర్లో కొట్టారు. మూడ్లే. పోనీ అన్నీ పీకెయ్యమన్నాను. గట్టి పళ్ళు పీకితే పాపం చుట్టుకుంటుందని నవ్వాడు ఆ డాక్టరు.

మొదటి పన్ను భోజనం మధ్యలో ఊడింది. నొప్పి లేదు. దాన్ని రుమాల్లో చుట్టుకుని ఆ మధ్యాహ్నమే బావగారింటికి వెళ్ళి, గ్లాసు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు.

"తెలుసమ్మా. తను చెప్పింది."

"ఎప్పుడు బావగారూ? మాట పడిపోయిందిగా..."

ఆయన లోపలికెళ్ళి అక్క కుట్టుసామాను దాచుకునే రేకు డబ్బా తెచ్చి నా ముందు మూత తీశారు. లోపల దూది పరిచి ఉంది. దూదిలో వేలితో నొక్కినట్టు గుంటలు, ఇరవై ఎనిమిది. నా పళ్ళు ఎన్నో అన్ని. ప్రతి గుంట పక్కనా చిన్న కాగితం ముక్క, దాని మీద తారీఖు. మొదటిది ఆ రోజుదే.

చేతిరాత నాది.

రుమాలు విప్పి పన్నుని మొదటి గుంటలో పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆఖరి గుంట పక్కన కాగితాన్ని బావగారి బొటనవేలు కప్పి ఉంది.

"చూస్తావా?" అన్నారు.

వద్దన్నాను. ఏ రోజు ఊడింది ఆ రోజే తెచ్చిస్తాను గానీ, ఆ కాగితం మాత్రం చూడనన్నాను. ఇప్పటికి పదకొండు ఇచ్చాను. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆ కాగితం చూడలేదు.