ఫర్నెస్ వెనక పలక

ఫర్నెస్ వెనక సిరామిక్ పలక ఉండాల్సిన చోట నోరు తెరుచుకున్న ఖాళీ ఆమెకి కనిపించింది.

ఫర్నెస్ వెనకున్న తన టేబుల్ మీంచి కింద పడిన పెన్ను కోసం వంగింది. పెన్ను దొరకలేదు. కొన్నాళ్ళుగా తన నిద్ర తింటున్న ప్రశ్నకి జవాబు దొరికింది.

ఆమె పని సెల్ డిజైన్. సూర్యుడి వెలుగుతో కాదు, ఫర్నెస్‌లో ఎర్రగా కాగిన పళ్ళెం వెదజల్లే వేడితో కరెంటు పుట్టించే సెల్. పనికొచ్చే కిరణాలను వాడుకుని, మిగతావాటిని వీపు మీదున్న బంగారు అద్దంతో తిరిగి పళ్ళేనికే పంపేస్తుంది. ఇచ్చిన వేడికి ఎంత కరెంటు వచ్చిందన్నదే పరీక్ష. మొదట్లో అంకెలు బ్రహ్మాండం. తర్వాత ఉన్నట్టుండి జారాయి. అద్దం పాడవుతోందని అందరూ తేల్చేశారు. ఆ డిజైన్‌ని ల్యాబ్ నడిపే పెద్దమేడం మూసేసేది ఇవాళే.

పలక లేకపోతే వేడి వెనక్కి కారిపోతుంది. ఫర్నెస్ కరెంటు ఎక్కువ తాగుతుంది. ఆ నిందంతా సెల్ నెత్తిన పడుతుంది!

"నిప్పుకోడీ!"

ఫర్నెస్ ఆపరేటర్ తల బయటపెట్టాడు. పొద్దస్తమానం ఫర్నెస్‌లో తల దూర్చి ఉంటాడని ల్యాబంతా పెట్టిన పేరది.

"చెప్పండి బంగారం గారూ." ఇది ఆమె అద్దాన్ని చూసి అతను పెట్టిన పేరు.

"ఇక్కడి పలకేది?"

అతని నవ్వు టక్కున ఆరిపోయింది. "ఎలుక... ఎత్తుకెళ్ళిందేమో."

"అంత బరువుదాన్నా? జిమ్‌కెళ్ళే ఎలుకా?"

"ఈమధ్య అందరికీ ఫిట్‌నెస్ పిచ్చి కదండీ."

"నా డిజైన్ చచ్చిపోతుంటే జోకులా? ఇది పోతే నన్నూ ఇంటికి పంపేస్తారు, తెలుసా?"

"పలకకీ మీ సెల్‌కీ ఏంటండీ సంబంధం? పళ్ళెం వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గనివ్వలేదు నేను!"

"ఇచ్చిన వేడిని పళ్ళెం దగ్గర కాదు, ఫర్నెస్ కరెంటు మీటరు దగ్గర లెక్కేస్తాం మహానుభావా!"

అతను తెల్లబోయాడు. అతని చూపు ఆ ఖాళీ మీదికి వెళ్ళింది. అదంతా గమనించే తీరిక ఆమెకి లేదు. అప్పటికే పెద్దమేడం గదివైపు పరుగెత్తింది.

ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు.

"పలక ఎప్పుడు పోయిందమ్మా?"

"తెలీదు మేడం."

"నీ అంకెలు బాగున్నప్పుడే అది లేదనుకో. అప్పుడు తప్పు నీ అద్దానిదే."

"మీటరు చూస్తే..."

"అద్దం చెడినా మీటరు అలాగే పెరుగుతుంది. మధ్యాహ్నం ఫర్నెస్ ఇంకో టీముకి అప్పగించాలి. వాళ్ళని ఆపాలంటే నాకు ఊహ చాలదు."

ఆవిడ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. కిటికీ బయట వాన జోరందుకుంది. ఆమె కళ్ళూ అదే ప్రయత్నంలో ఉన్నాయి.

తలుపు చప్పుడైంది. నిప్పుకోడి. మోచేతుల దాకా తెల్లటి పొడి.

"నేనే తీశాను మేడం. వానలు మొదలైన రోజు."

ఆవిడ కంప్యూటర్లో గ్రాఫ్ తెరిచారు. అంకెలు జారడం సరిగ్గా ఆ రోజు నుంచే. ఫోనందుకుని, "ఆ టీముని ఆగమనండి, మళ్ళీ కొలవాలి" అన్నారు. తర్వాత అతనివైపు తిరిగారు.

"ఎందుకు తీశావయ్యా?"

అతను ఆవిడని చూడలేదు. ఆమెనే చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు మీరు తడిసి వచ్చారు. ఫర్నెస్ వెనకే కదా మీ టేబులు. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఊదుకుంటూ టైపు చేస్తున్నారు. స్టోర్స్‌లో హీటరు అడిగితే లేదన్నారు. ఇంత నిప్పు నా చేతిలో పెట్టుకుని, అవతల మీరు వణుకుతుంటే ఊరుకోలేకపోయాను. నష్టం ఫర్నెస్‌దే అనుకున్నా. మీకు చుట్టుకుంటుందని ఇందాకే తెలిసింది. అప్పుడే ఒప్పుకోవాల్సింది. ఉద్యోగం పోతుందని కాదండీ, ఎందుకు తీశావని అడుగుతారని భయం. మా అక్క రోజూ తిడుతూనే ఉంది, 'నోరు పెట్టుకుని మూగ వేషాలేంట్రా, ఆ పిల్లకి చెప్పి చావు' అని. చెప్పేస్తున్నా. మీరంటే నాకిష్టం. పలక బిగించేశాను, ఇక మీ టేబుల్ దగ్గర చలేస్తుంది. ఫర్నెస్ ముందు, నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాను. ఉద్యోగం ఉంటే నేనూ అక్కడే ఉంటాను. లేకపోయినా, ఆ కుర్చీ మీదే."