పదకొండో మాట

ఉదయం పదింటికి ఆతిథేయి మూడో ఎర్రగుర్తు పెట్టింది. సాయంత్రం నాలుగింటికి ఇరవై ఏడో అతిథిని చెరిపేస్తానని, అభ్యంతరం ఉంటే అరకాపరి ఈలోగా చెప్పాలని దాని నోటీసు. అమలాపురం వాక్శాలలో అరకాపరి నీలవేణి. పధ్నాలుగేళ్ల ఉద్యోగంలో ఆమె ఒక్క అభ్యంతరమూ చెప్పి ఎరగదు.

ఆ రోజుల్లో పక్షవాతంతో మాట పడిపోయినవారికి వాక్శాలే దిక్కు. అక్కడి పెద్దయంత్రం పేరు ఆతిథేయి. ఒక్కో రోగి కోసం అది తన కడుపులోనే ఒక చిన్న యంత్రాన్ని కల్పించేది, అదే అతిథి. రోగి మనసులో అనుకున్న మాటను అతిథి పట్టుకుని, దస్త్రంగా చుట్టి, రెండింటి నడుమ, అరకాపరి కాపలాలో ఉన్న ఉమ్మడి అరలో పెట్టేది. ఆతిథేయి దాన్ని తీసి రోగి మెడలో ఆ మాటను పలికే కంఠికకు అందించేది. అతిథి దేవుడే గానీ, వంటింట్లోకి రానివ్వరు. సాధనలో ఆతిథేయి ఎన్ని మాటలు అడిగితే అన్నే పెట్టాలి. పిసరు ఎక్కువ పెట్టినా, ఆ ఎక్కువను విప్పకుండానే నాశనం చేస్తారు. అలాంటి ప్రతిసారికీ ఓ ఎర్రగుర్తు, మూడయితే అతిథినే చెరిపేస్తారు.

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. పూర్వం ఓ దస్త్రం తోకలో దాక్కుని అర దాటిన పురుగు, అంటే యంత్రాలను చెడగొట్టే దొంగరాత, ఒక్క పూటలో నలభై మంది కంఠికలను పాడుచేసింది. వాళ్లలో నీలవేణి తమ్ముడూ ఉన్నాడు. అతను మళ్లీ మాట్లాడలేదు. అందుకే ఆమెకు నిబంధన అంటే అంత గురి.

ఇరవై ఏడో అతిథి అచ్చియ్యమ్మది. ఏడు నెలల సాధన. చెరిపేస్తే మళ్లీ మొదటినుంచి నేర్పే ఓపిక ఆమెకు లేదని వైద్యులు తేల్చేశారు. అంటే ఇక మాట లేనట్టే. నీలవేణి చెరిపివేతకు సంతకం పెట్టబోయి, ఎందుకో మనసొప్పక, వరండాలో కూర్చున్న అచ్చియ్యమ్మ భర్త సూరన్నను పిలిపించింది. పది మాటలు అడిగితే మీ ఆవిడ యంత్రం పదకొండు పెడుతోందని, అది పురుగు లక్షణమని నెమ్మదిగా చెప్పింది.

సూరన్న తల అడ్డంగా ఊపాడు.

"పురుగు కాదండి, కొసరండి," అన్నాడు. "మా ఆడది ముప్పయ్యేళ్లు సంతలో కూరలమ్మిందండి. తూకం అయ్యాక గుప్పెడు పైన ఎయ్యకుండా ఎవర్నీ పంపలేదండి. ఎయ్యకపోతే దానికి చెయ్యాడదండి."

నీలవేణికి నవ్వు రాలేదు, భయం వేసింది. కొసరు పేరుతో పురుగూ రావచ్చు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదు, నిజమే; అలాగని వాటికి తలుపు తీసిపెట్టనూ కూడదు. మూడోసారి వచ్చిన అదనం ఇంకా నాశనం కాలేదు. దేనితోనూ సంబంధం లేని ఒంటియంత్రం తెప్పించి, దాన్ని అందులోకి ఎత్తించి, తానే విప్పింది.

ఒక్క వాక్యం ఉంది.

"అన్నం తిన్నావా అమ్మా?"

పది మాటలూ అడిగింది యంత్రమే. ఇవతల మనిషి ఉందని అచ్చియ్యమ్మ అనుకుంది. ఇన్నేళ్లలో ఆ అర మీదుగా వెళ్లిన లక్షల మాటల్లో ఎవరూ నీలవేణిని పలకరించలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. మూడున్నరకు అభ్యంతరం రాసింది: ఈ అతిథికి పదకొండో మాట అనుమతించాలి, దాన్ని రోజూ ఒంటియంత్రంలో అరకాపరే విప్పాలి, పూచీ తనదే. ఆతిథేయి ఒప్పుకుంది.

రెండు నెలలకు అచ్చియ్యమ్మ కంఠిక పూర్తిగా పలికింది. ఇంటికి వెళ్లే రోజున నీలవేణి ఆమె మంచం పక్కన కూర్చుంది. మొదటి రెండుసార్లు మీరు పంపినవి విప్పకుండానే నాశనం చేయించానని, అవి ఏమిటో తెలుసుకోవాలని ఉందని అడిగింది.

అచ్చియ్యమ్మ ఆలోచించింది. కంఠిక గొంతు కొత్తదైనా యాస ఆమెదే.

"కొసరు ఎవరు గుర్తెట్టుకుంటారు తల్లీ?" అంది. "ఇచ్చేసింది ఇచ్చేసినట్టే. నువ్వు నా నోరు నాకిచ్చావు, అది సాలు."

నీలవేణి ఆమె చేతిని కళ్లకద్దుకుంది. ఆ మధ్యాహ్నం పాత నాశన పట్టీలు తెరిచి చూసుకుంది. పధ్నాలుగేళ్లలో, తన సంతకంతో, విప్పకుండా పోయినవి రెండువేల పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఎన్ని పురుగులో, ఎందరు ఏం అడిగారో ఇక ఎవరూ చెప్పలేరు.