అత్తయ్య పరిచిన గడ్డి

టమాటా మొక్కల చివుళ్లు పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయాయి. చిక్కుడు తీగలూ అంతే. కోడలు వరుసల మధ్య కూలబడింది. తెల్లారితే, కోతకు రమ్మని తను పిలిచిన చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా బుట్టలు పట్టుకుని, ఎవరి కూరలు వాళ్లు కోసుకుందామని పిల్లాపాపలతో వస్తారు... వాళ్లకేం చెప్పాలి?

దున్నకుండా, మందులు చల్లకుండా, గడ్డీ ఆకులూ కప్పి కప్పి, ఆ రాతినేలను వానపాములు తిరిగే మెత్తని మట్టిగా మార్చింది ఆమె భర్త. అతను ఆ తోటలోనే, ఎండలో కుప్పకూలి ప్రాణం విడిచాడు. అప్పట్నుంచీ అత్తగారు ఆ గేటు దాటలేదు. తోట పేరెత్తితే ముఖం తిప్పుకునేది. అలాంటి మనిషి ఈ వేసవిలో ఏమనుకుందో ఏమో, తమ్ముడి పొలం నుంచి బండెడు ఎండుగడ్డి తెప్పించి, ప్రతి మొక్క మొదట్లోనూ తన చేతులతోనే పరిచింది! ఆ రోజు కోడలు చాటుకు వెళ్లి సంతోషంతో ఏడ్చింది.

ఆ గడ్డిలోనే ఉంది విషం. ఆ పొలంలో కొట్టిన కలుపుమందు గడ్డి ఎండినా చావలేదని, అది మట్టిలోకి దిగిపోయిందని, ఆకులు చూసిన వ్యవసాయాధికారి చెప్పాడు. విరుగుడు లేదట. దానంతటది విరిగేదాకా కాచుకోవడమేనట.

అత్తగారితో మాత్రం విత్తనాలు మంచివి కావని చెప్పింది కోడలు. మర్నాడు బుట్టలతో వచ్చినవాళ్లకూ అదే చెప్పింది. వాళ్లు జాలిగా చూసి, ఖాళీ బుట్టలతో మళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక అత్తగారు వచ్చింది.

"మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి గడ్డివామి పక్కన వేసిన చిక్కుళ్లూ ఇలాగే ముడుచుకుపోయాయట. నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మీరు మళ్లీ ఈ గేటు దాటరని..."

అత్తగారు వంగి, గడ్డి ఎత్తి గట్టు మీద వేయసాగింది. ఇప్పుడు తీసినా లాభం లేదని కోడలు ఎంత చెప్పినా వినలేదు. వరుస సగమయ్యేసరికి ఆయాసంతో అక్కడే చతికిలబడింది. గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుంది.

"వాడు చేసిపెట్టిన మట్టి ఇది. నీకు మిగిలింది ఇదొక్కటే. నా చేతులారా పాడుచేశాను..."

కోడలు వెళ్లి పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్లకి బాగవుతుందట?"

"రెండేళ్లు పట్టినా పట్టొచ్చట, అత్తయ్యా."

"అప్పటికి నేనుంటానో, లేదో."

"ఉండాలి," అంది కోడలు. "అన్నాళ్లు దీన్ని చూస్తూ నేనొక్కదాన్నే కూర్చోలేను."