పుస్తకం పెట్టిన సీటు

యూనివర్సిటీ చదువుల గదిలో కిటికీ పక్క సీటు మీద ఒక ఇంగ్లీషు మాటల పుస్తకం ఉంది, మనిషి లేదు. హే జున్ అరగంట చూసి, పుస్తకాన్ని పక్కకు జరిపి కూర్చున్నాడు. అప్పుడే వేడినీళ్ల ఫ్లాస్కుతో తావ్ యిన్ వచ్చింది.

"పుస్తకం ఉన్న చోట మనిషి ఉన్నట్టే. మీ ఊళ్లో ఈ మర్యాద లేదా?" అంది.

అతను లేచి ఎదుటి కుర్చీలోకి మారాడు. మళ్లీ అక్కణ్నుంచి కదలలేదు.

ఇద్దరూ డిసెంబరులో పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ గదిలో మాట్లాడకూడదు కనుక ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. రోజుకో ఇంగ్లీషు క్రియ, చెరో వాక్యం. ఒకరిది ఒకరు ఎర్రసిరాతో దిద్దాలి. వాక్యం సరిగా ఉంటే చాలు, నిజం కానక్కర్లేదు. ఆమె వాక్యాల్లో, అసలు లేని మేనమామ మూడుసార్లు పెళ్లి చేసుకున్నాడు. అతని వాక్యాల్లో ఒంటెలు ఓడలు నడిపాయి.

డిసెంబరు మొదట్లో 'రెలిన్‌క్విష్' వంతు వచ్చింది. పుస్తకంలో దాని పక్కన ఇచ్చిన చైనా భాష మాట సిగరెట్టు మానడానికైనా సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం అది కోటు వేసుకున్న మాట: రాజు సింహాసనాన్నీ, వారసుడు ఆస్తినీ, తనదైనదాన్ని తన చేత్తోనే వదులుకోవడం. హే జున్ ఒక ముసలి రాజు చేత సింహాసనం వదిలించాడు. తావ్ యిన్ చాలాసేపు బయట పడుతున్న మంచును చూసి ఇలా రాసింది: "సోమవారం నుంచి ఈ కిటికీ పక్క సీటును వదులుకుంటున్నాను. ఎవరైనా వద్దంటే బాగుండు."

అతను రెండుసార్లు చదివాడు. "సీటుకు ఈ మాట బరువెక్కువ. అయినా బాగుంది. పదికి తొమ్మిది" అని రాశాడు.

ఆమె అది చదివి అతని ముఖంలోకి చూసింది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. మార్కు తగ్గినందుకు అలిగిందనుకున్నాడు.

సోమవారం ఆ సీట్లో పుస్తకం లేదు, కుర్చీ మీది పూల దిండూ లేదు. జ్వరమేమో అనుకున్నాడు. ఒక్క మార్కుకు ఇంత అలకా అనుకున్నాడు. చివరికి వేడినీళ్ల గది చూసుకునే సున్ అత్తను అడిగాడు. ఆమె కుళాయిల పై అరలో ఉన్న గ్వాన్‌యిన్ తల్లి బొమ్మకు అగరొత్తి వెలిగిస్తోంది.

"నీకు చెప్పలేదా? వాళ్ల ఊరి బడిలో టీచరు పని దొరికిందట, పరీక్ష మానేసింది. రేపు పదకొండింటి బస్సు. రోజూ ఎదురెదురుగా కూర్చుని ఏం చదువుకున్నార్రా నాయనా?"

చెప్పింది, నేనే మార్కులు వేశాను అనుకుంటూ అతను చదువుల గదికి తిరిగొచ్చాడు.

నోటుబుక్కు మొదటినుంచి తిరగేశాడు. ఒకచోట ఆమె రాత: "ఎదుటివాడి కూనిరాగాన్ని భరిస్తున్నాను. అది ఆగిన రోజు చదువు సాగదు." పక్కన తన ఎర్రసిరా: "సహజంగా లేదు." ఇంకోచోట: "వాన రోజు అతనిచ్చిన గొడుగును కావాలనే తిరిగివ్వలేదు." తన రాత: "గొడుగు రంగు చెప్పాల్సింది. ఎనిమిది." సెప్టెంబరు నుంచి తన నల్ల గొడుగు కనిపించడం లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మేనమామ అబద్ధం, గొడుగు నిజం. మరి మిగతావి? మనసులోది చెప్పడానికి ఆమెకు ఇన్ని దారులు చూపించిన దేవుడు, ఇతనికి ఆ మాత్రం చూపెందుకివ్వలేదో.

మర్నాడు అతను బస్సెక్కేసరికి ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒడిలో పూల దిండు, దాని మీద నల్ల గొడుగు.

"ఎందుకొచ్చావు?"

"వద్దనడానికి."

"ఉద్యోగం నాకు కావాలి. అది వదులుకోను."

"ఉద్యోగం కాదు, సీటు." అతను తన మాటల పుస్తకాన్ని ఆమె పక్క సీటు మీద పెట్టాడు. "పరీక్ష అయిన మర్నాడు ఇదే బస్సెక్కుతాను."

"ఇది వాక్యమా, నిజమా?"

"మార్కులు వేయకు."

డ్రైవరు హారన్ కొట్టాడు. అతను దిగి మంచులో నిలబడ్డాడు. బుట్టతో ఎక్కిన ఒక పెద్దావిడ ఆ సీటు దగ్గర ఆగి, పుస్తకం తీయమంది.

"మనిషి ఉన్నాడండీ," అంది తావ్ యిన్.

పెద్దావిడ బస్సంతా చూసింది. "ఎక్కడ?"

"పన్నెండు రోజుల్లో వస్తాడు. అంతవరకు మీరు కూర్చోండి," అని తావ్ యిన్ ఆ పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుంది.