పేరు బొజ్జయ్యది

ఆదివారం పొద్దున్నే సుజాత ఇంటి ముందు కల్లాపి చల్లుతోంది. రెండేళ్ల కిందట తల్లి ఇచ్చిన చేను అమ్మి మణుగూరులో కొనుక్కున్న ఇల్లు. గడప తుడిచేటప్పుడు కూడా ఆమెకు కాస్త గర్వమే. తలెత్తి చూస్తే గేటు దగ్గర గంగక్క నిలబడి ఉంది.

గంగక్క కోయ మనిషి, బొజ్జయ్య భార్య. ఇది ఏజెన్సీ. ఇక్కడి భూమి గిరిజనులు తప్ప ఇంకొకరు కొనకూడదు. అది తెలిసే సుజాత భర్త నాగరాజు, గనిలో తనతో పనిచేసే బొజ్జయ్య పేరు మీద ఇల్లు రాయించాడు. "పేరు ఆయనది, ఇల్లు మనది" అని మురిసిపోయాడు. ఆ బొజ్జయ్య మొన్న ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు.

"పెద్దోని పెండ్లి కుదిరింది చెల్లె. ఇల్లు ఖాళీ చేయమంటున్నరు కొడుకులు," అంది గంగక్క తల దించుకుని. "కాయితంల వాళ్ల నాయిన పేరే ఉందంట."

నాగరాజు బనియన్‌తోనే బయటికి ఉరికొచ్చాడు. "ఏందక్కా గిట్ల మాట్లాడుతవ్? పైసలు కట్టింది నేను! బొజ్జయ్య ఉంటే నీకు నోరు లేసేదా?"

"ఆయనుంటే మాట మీద నిలబడేటోడే. కొడుకులు నిలబడతలేరు, నేనేం జేయాలె? ఈ జాగల మా మామ జొన్నలేసేటోడు. ఎవడో మాట చెప్పి గుంజుకున్నడు. మాకు చేను ఎప్పుడో పోయింది, ఇప్పుడు మీకు ఇల్లు పోతుంది."

సుజాత చెంబు కింద పడేసింది. "ఒక్కసారి వకీలుకు చూపిద్దామని నెత్తీనోరూ కొట్టుకున్న. ఆ ఫీజుతో గేటు పెట్టించొచ్చు అన్నరు. పెట్టించిండ్రు కదా, దాన్ని పట్టుకుని ఏడ్వుండ్రి!"

నాగరాజు నేల చూశాడు. "చూపిచ్చిన," అన్నాడు మెల్లగా. "కొత్తగూడెం పోయి చూపిచ్చిన. ఇంకొకరి పేరు మీద కొంటే నీకేం మిగలదు, వద్దన్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు చేను అమ్మనిస్తవా?"

సుజాతకు ఒళ్లంతా మండిపోయింది. చేను అమ్మి రాసిచ్చిన రోజు తల్లి గట్టు మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. ముంచింది గంగక్క కాదు, బొజ్జయ్యా కాదు. పదహారేళ్లుగా తను అన్నం వడ్డిస్తున్న మనిషే. అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గంగక్క వచ్చి పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

కాసేపటికి సుజాత ముక్కు చీదుకుని అడిగింది. "పిల్లకు పదో తరగతి పరీక్షలు. అయ్యేదాకా ఉండనియ్యి అక్కా. కిరాయి కడతం."

"అవ్ చెల్లె, ఉండుండ్రి. కొడుకులకు నేను చెప్పుకుంట."

నాగరాజుకు ప్రాణం లేచొచ్చింది. "గంతే అక్కా! మనలో మనకు కాయితాలెందుకు? నీ మాట చాలు."

సుజాత అతని వైపు తిరిగింది. పెళ్లయ్యాక భర్తను 'నువ్వు' అనడం ఆమెకు అదే మొదటిసారి.

"నువ్వు నోరు మూసుకో. రేపు నేనూ అక్కా వకీలు దగ్గరికి పోతున్నం."